లేపే మాట

చయనులు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు. "అదేదో తెచ్చి చూపించు" అంటారు. కోపం ఎలా పోతుందని అడిగినవాణ్ణి, ఎవరిమీద కోపమో ఆ మనిషిని వెంటబెట్టుకు రమ్మన్నారు. ఆ పెద్దమనిషి మళ్ళీ ఇటువైపు తొంగి చూడలేదు. సాలూరు దాటాక కొండవాలులో మాస్టారికొక పెంకుటిల్లు, దాని ముందు వసారా, వసారాకి అవతల నడుమెత్తు ఎండుగడ్డి ఉన్నాయి. ఇంతకుమించి ఆశ్రమం ఏమీ లేదు. మనవాళ్ళకి ఆశ్రమమంటే ఒక గేటూ ఒక బోర్డూ ఉండాలి గనక, చాలామంది దారి తప్పామనుకుని వెనక్కి వెళ్ళిపోతుంటారు.

ఉమాకాంతం మాత్రం పదేళ్ళుగా వస్తున్నాడు. బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, అరవై దాటాయి. అతనికున్న వ్యసనం ఒక్కటే, దీపావళి తుపాకులు. ఎర్ర కాగితం రీలు పెట్టి కాలిస్తే ఢామ్మని పేలే పాతకాలపు రేకు తుపాకులు. ఆదివారం సంతలో పాతసామాన్లు పరిచేవాళ్ళందరూ అతన్ని పేరుపెట్టి పిలుస్తారు. మూతపడ్డ ఫ్యాన్సీ షాపుల అటకలెక్కి దుమ్ము మింగి వస్తాడు. తుప్పు పట్టినదాన్ని కిరసనాయిల్లో నానబెట్టి, స్ప్రింగు మార్చి, ట్రిగ్గర్ నొక్కి చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఇంట్లో ఆడమనిషి చీరలు ట్రంకుపెట్టెలో మగ్గుతుంటే, తుపాకులకి అద్దాల అల్మరా, మఖమల్ పరుపులూ ఉన్నాయి. చూడవచ్చిన వాళ్ళు ఎందుకండీ ఇవన్నీ అంటే, "నా చిన్నతనమండీ, అంతా ఇందులోనే ఉంది" అంటాడు.

ఒకనాడు అతను మాస్టారిని అడిగాడు. "చిన్నతనాన్ని దాచుకోవడం తప్పా, మాస్టారూ?"

"తప్పని ఎవరన్నారు?"

ఉమాకాంతం అసలు సంగతి చెప్పాడు. రెండు నెలల క్రితం సంతలో ఒక తుపాకి దొరికింది. పిడిమీద లేడిబొమ్మ. పదేళ్ళప్పుడు తన చేతిలో ఉన్నది అచ్చంగా ఇలాంటిదే. అది అల్మరాలోకి వచ్చిన నాటినుంచి మధ్యాహ్నం పూట గదిలో కాలిన మందువాసన వేస్తోంది. ఇంట్లో ఎవరూ ఏదీ పేల్చలేదు. అల్మరా ముందు నేలమీద ఎవరో పడుకుని, ఊపిరి బిగబట్టి, ఇక ఆపుకోలేక మెల్లగా వదులుతున్నట్టు వినిపిస్తోంది. ముందు తన చెవులే అనుకున్నాడు. తరవాత భార్య కూడా వింది. అది ఇంట్లోంచి పోతే తప్ప తిరిగి రానని చెల్లెలింటికి వెళ్ళిపోయింది.

"ఎవరికైనా ఇచ్చెయ్యకపోయావా?"

"నాలుగుసార్లు సంచీలో పెట్టుకుని బయల్దేరాను. నాలుగుసార్లూ వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నా వల్ల కావటంలేదు."

"తెచ్చి చూపించు" అన్నారు మాస్టారు.

మరుసటి ఆదివారం మిట్టమధ్యాహ్నానికి ఉమాకాంతం దాన్ని పాత తువ్వాలులో చుట్టి తీసుకొచ్చాడు. మాస్టారు భోంచేసి, వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. గాలి లేదు. కొండ మీద ఒక పిట్ట కూత కూడా లేదు. ఆయన తుపాకిని అటూ ఇటూ తిప్పి, లేడిబొమ్మని వేలితో తడిమి, రేకు మూత తీసి చూశారు. లోపల రీలు లేదు.

"దీంతో ఎలా ఆడేవారు?"

"ఒకడు కాలుస్తాడు. దెబ్బ తగిలినవాడు చచ్చిపోయినట్టు పడిపోతాడు."

"తరవాత?"

"తరవాతేముంది మాస్టారూ, లేస్తాడు."

"ఊరికే లేస్తాడా?"

ఉమాకాంతం తల దించుకుని తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టాడు. మాస్టారు అతని చేతిలో తుపాకి పెట్టి, "సరే, నన్ను కాల్చు" అన్నారు.

పదేళ్ళుగా కాళ్ళకి దణ్ణం పెడుతున్న మనిషికి తుపాకి గురిపెట్టడం ఆటకైనా కష్టమే. ఉమాకాంతం నవ్వబోయాడు. మాస్టారు నవ్వలేదు. చివరికి కళ్ళు మూసుకుని నొక్కాడు. టిక్కుమని చిన్న చప్పుడైంది, అంతే. మాస్టారు స్తంభం మీంచి పక్కకి జారి, గడ్డివైపు మొహం పెట్టి పడిపోయారు.

కాలిన మందువాసన గుప్పుమంది.

"చాలు మాస్టారూ, లేవండి" అన్నాడు ఉమాకాంతం. ఆయన కదల్లేదు. దగ్గరికెళ్ళి వంగి చూశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక ఈగ వచ్చి రెప్పమీద వాలి, అక్కణ్ణుంచి బుగ్గమీదికి నడిచింది. రెప్ప వాలలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెడితే ఏమీ తెలియలేదు. ఎనభై ఏళ్ళ మనిషి, చుట్టుపక్కల మైలుదూరంలో ఇల్లు లేదు. "ఆట అయిపోయింది" అన్నాడు ఉమాకాంతం. "నేనే ఓడిపోయాను" అన్నాడు. అప్పుడు వినపడింది ఊపిరి. అది మాస్టారిది కాదు. ఆయనకి అవతల, వసారా అంచున, ఎవరూ లేనిచోట ఎవరో ఊపిరి బిగబట్టి మెల్లగా వదులుతున్నారు. ఇంట్లో విన్నది ఇదే.

ఇలా పడినవాణ్ణి లేపడానికి ఒక మాట ఉంది. ఆ మాట ఉందని అతనికి తెలుసు. నూట పదమూడు తుపాకుల్లో ఏది ఏ సంవత్సరానిదో, దేని స్ప్రింగు ఎన్ని చుట్లో నిద్రలో అడిగినా చెప్పగలడు. ఆ ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు.

అతను నేలమీద చతికిలబడ్డాడు. ఎవరితో చెబుతున్నాడో తెలియకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "మా నాన్నకి బదిలీ అయింది. రైల్వే క్వార్టర్ల ముందు సామాన్ల లారీ నిలబడి ఉంది. నా జతగాడు పైడిరాజుని కాల్చాను. స్టేషను దీపాలు దాచే గది వెనక గడ్డిలో పడ్డాడు. మా ఆటలో పడినవాడు తనంతట తాను లేవకూడదు. కాల్చినవాడు మాట చెప్పాలి. వాడంత నికార్సుగా చచ్చేవాడు క్వార్టర్లలోనే లేడు. చీమలు కుట్టినా కదిలేవాడు కాదు. అమ్మ పిలిచింది. నేను లారీ ఎక్కేశాను."

గడ్డి అంచున ఊపిరి ఆగింది. వింటున్నట్టుగా ఆగింది.

"మరిచిపోయి కాదు" అన్నాడు ఉమాకాంతం. యాభై ఏళ్ళలో ఈ ముక్క భార్యకి కూడా చెప్పలేదు. "లారీ కదులుతుంటే వాడు పడుకునే అరిచాడు. అనరా ఉమా, అనరా అని. నేను విన్నాను. ఊరు వదిలి వెళ్ళేవాణ్ణి, చివరి గెలుపు నాదే కావాలనుకున్నాను. నవ్వుతూ చెయ్యూపాను. పొద్దు వాలాక వాళ్ళమ్మ వెతుక్కుంటూ వెళ్ళేసరికి గడ్డిలో పాము ముట్టి, ప్రాణం పోయి పడున్నాడట. రెండేళ్ళ తరవాత గ్యాంగుమనిషి ఒకాయన మా నాన్నతో చెబుతుంటే తలుపుచాటునుంచి విన్నాను. ఒరే పైడీ, నువ్వు లేస్తావనుకున్నానురా. నేను కనపడకపోతే లేచిపోతావనుకున్నాను."

అతను ఏడ్చాడు. పెద్దవాళ్ళు ఏడ్చినట్టు కాదు, ముక్కు కారుతూ, ఎక్కిళ్ళు పెడుతూ ఏడ్చాడు. ఆ ఎక్కిళ్ళ మధ్య, ఏ వీధిలోనైనా పిల్లలు రోజుకి పదిసార్లు అనే ఆ చిన్న మాట, అతను యాభై ఏళ్ళుగా నాలుక మీదికి రానివ్వని మాట, దానంతటదే బయటపడింది.

"తూచ్."

వసారా అంచున ఎండుగడ్డి చప్పుడు చేసింది. గాలి లేకుండానే గడ్డి రెండుగా విడిపోయి, చిన్న పాదాలు పరుగెత్తినంత వేగంతో వాలు దిగువకి పాయ తీసుకుంటూ వెళ్ళి, తిరిగి కలిసిపోయింది. మందువాసన పోయింది. మాస్టారు మోచేతి మీద లేచి కూర్చుని, పంచె దులుపుకుని, చెంబెత్తి మంచినీళ్ళు తాగారు.

తుపాకి నేలమీదే ఉంది. ఉమాకాంతం దానివైపు చూడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని అడిగాడు. "ఆ మాట నేను మీకు చెప్పనే లేదు. అది వింటే లేవాలని మీకెలా తెలుసు, మాస్టారూ?"

"నాకేం తెలుసయ్యా, మా ఊళ్ళో ఈ ఆటే లేదు" అన్నారు చయనులు మాస్టారు. "పక్కన పడుకున్నవాడు లేచాడు. నేనూ లేచాను."