రాజుగారి పియోనీ దుంప

ఒకానొక ఎండల రాజ్యాన్ని రణగండ భూపాలుడు ఏలేవాడు. తనకు తెలియనిదంటూ లోకంలో లేదని ఆయన నమ్మకం. కాదన్నవాళ్లెవరూ కొలువులో మిగల్లేదు.

ఒకసారి మంచుదేశపు వర్తకుడొకడు ఆయనకు పియోనీ అనే పూలమొక్క దుంపను కానుకిచ్చాడు. "చలి తగిలితేనే పూస్తుంది ప్రభూ. పైపైన పాతి, కదపకుండా వదిలేయండి," అని చెప్పి వెళ్లాడు.

రాజు చలి సంగతి ఒక్కటే చెవిన వేసుకున్నాడు. అప్పుడేమో నడివేసవి. "ఇది చలికాలమేనని దుంపను నమ్మించండి," అని ఆజ్ఞాపించాడు. పాపం మంత్రులూ సేనాపతీ కంబళ్లు కప్పుకుని, పాదు చుట్టూ కూర్చుని గజగజ వణికారు. చెమట మాత్రం ధారలుగా కారింది.

రాజు రోజూ పొద్దున్నే దుంపను తవ్వి తీయించి, మొలక వచ్చిందా అని చూసి, మళ్లీ పాతించేవాడు. తోట చూసే ఎల్లవ్వ "దాన్ని కదపకండి దొరా," అని మొత్తుకుంటే, "నాకే చెబుతావా?" అని గద్దించాడు. చివరికి విసిగిపోయి, "రేపటికి మొలక రాకపోతే నిన్ను దేశం నుంచి వెళ్లగొడతాను," అని భోజనానికి లేచాడు.

ఎల్లవ్వ ఏడుస్తూ విదూషకుడు తిప్పన్న దగ్గరికి పోయింది. "ఈ వయసులో ఎక్కడికి పోయి బతకాలి నాయనా?"

"కళ్లు తుడుచుకో అవ్వా. రాజుగారు కునుకు తీసే వేళయింది," అన్నాడు తిప్పన్న.

రాజుకు అలా కన్ను మూతపడిందో లేదో, తిప్పన్న ఆయన భుజం పట్టి కుదిపాడు.

"ఏమిట్రా?"

"ఏమీ లేదు ప్రభూ. నిద్ర పట్టిందో లేదో చూద్దామని."

రాజు గొణుక్కుంటూ అటు తిరిగాడు. తిప్పన్న ఈసారి రెప్ప ఎత్తి లోపలికి తొంగిచూశాడు. ఇంకాసేపటికి తలకింది దిండు లాగేసి, దాని కింద వెతికాడు.

"అక్కడేముందిరా?"

"నిద్ర ఇక్కడిదాకా వచ్చి ఆగిందేమోనని ప్రభూ."

రాజు మండిపడుతూ లేచి కూర్చున్నాడు. "నువ్వు పట్టనిస్తే కదరా పట్టడానికి! నన్ను కదపకుండా వదిలెయ్!"

"చిత్తం. దుంప అడిగేదీ అదే ప్రభూ. దానికి నోరు లేదు, ఎల్లవ్వ చెబితే మీరు వినలేదు."

రాజు కాసేపు గుర్రుగా చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎల్లవ్వ శిక్ష రద్దు చేసి, దుంపను ఆమె చెప్పిన చోట పాతాలనీ, తానైనా సరే దాన్ని ముట్టకూడదనీ ఆజ్ఞ ఇచ్చాడు. ఎల్లవ్వ దాన్ని చల్లని కొండకోటకు పంపించింది. మంత్రులు కంబళ్లు విసిరికొట్టారు.

"నీకేం కావాలో కోరుకోరా," అన్నాడు రాజు.

"కొలువులో మీరు ప్రసంగిస్తున్నప్పుడు నాకు కునుకు పడితే, ఎవరూ లేపకూడదు ప్రభూ."

రాజు మళ్లీ నవ్వి సరేనన్నాడు. మర్నాడు ఆయన ప్రసంగం మొదలుపెట్టగానే తిప్పన్న గురక మొదలైంది. మంత్రులంతా బలవంతాన కళ్లు తెరుచుకుని, అతన్ని చూసి కుళ్లుకున్నారు.