ముళ్ళపంది రాయని చీటీ

అనగనగా ఒక అడవిలో, కంప్యూటర్ నేర్చిన ఒక ముళ్ళపంది ఉండేది. పేరు శూలపాణి. ఒంటి నిండా కలాల్లాంటి ముళ్ళే గానీ, ఒక్క ముక్క రాయమంటే మాత్రం ఒళ్ళు బరువు.

పనిలో మాత్రం దిట్ట. అడవి కోసం మూడు ప్రోగ్రాములు తయారుచేశాడు. ఒకటి పక్షులకు గింజలు పోస్తుంది. ఒకటి గంట కొడుతుంది. మూడోది మడుగు తూము తెరిచి నీళ్ళు వదులుతుంది. ఆ వేసవిలో అడవి మొత్తానికి ఆ మడుగే దిక్కు.

ఇన్నాళ్ళూ మూడింటినీ తనే నడిపాడు. ఇక విసుగొచ్చి, ఏఐతో పనిచేసే ఒక మరచిలుకను తెప్పించాడు. ఒక్కో ప్రోగ్రాముకూ శూలపాణి రాసిచ్చిన చీటీ చదువుకుని, ఎవరేం అడిగినా ఆ ప్రోగ్రాములతో చేసిపెట్టడం దాని ఉద్యోగం.

మడుగులో కాపురముండే తాబేలు తాయారమ్మ వచ్చి ఆ చీటీలు చూసింది. "గింజలు పోస్తుంది. అంకె ఇవ్వాలి." "గంట కొడుతుంది." "తూము తెరుస్తుంది. అంకె ఇవ్వాలి." అంతే.

"ఏవయ్యా, అంకె అంటే దేని లెక్క? పిడికిళ్ళా, బస్తాలా?" అని అడిగింది.

"బస్తాలే పిన్నీ. అదెవరికి తెలీదు?"

"చిలక్కి తెలీదు కదయ్యా. ఓ ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"రేపు రాద్దాంలే" అని శూలపాణి బొరియలో దూరి ముసుగు తన్నాడు. తనను లేపొద్దని చిలక్కి మరీ మరీ చెప్పాడు.

మొదటి రోజు ఇరవై పిచ్చుకలు వచ్చి ఆకలేస్తోందన్నాయి. తలా ఒక పిడికెడు చాలనుకుని చిలక ఇరవై అని కొట్టింది. ఇరవై బస్తాల గింజలు నెత్తిన పడ్డాయి. పిచ్చుకలు కుప్పలోంచి ముక్కులు బయటపెట్టి, "ఆకలి తీరిపోయిందండీ, ఇక మమ్మల్ని బయటికి లాగండి" అన్నాయి.

రెండో రోజు ఎలుగుబంటి వచ్చి, "కాస్త కునుకు తీస్తాను, పొద్దువాలే లోపు లేపమ్మా" అంది. చిలక గంట కొట్టింది. ఆ అడవిలో గంట మోగిందంటే అగ్గి అంటుకున్నట్టే. జింకలు కొండ దాటి పోయాయి. కోతులు పిల్లల్ని చంకనేసుకుని పరుగో పరుగు. ఎలుగుబంటి మాత్రం లేవలేదు.

తాయారమ్మ బొరియ దగ్గరికి వెళ్ళి, "రెండుసార్లయింది శూలపాణీ, ఇకనైనా రాయి" అంది.

"చిలక్కి బుర్ర లేకపోతే నన్నేం చెయ్యమంటావు పిన్నీ?" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు కుందేళ్ళు వచ్చాయి. పచ్చిక ఎండిపోతోంది, ఓ అరగంట నీళ్ళు వదలమన్నాయి. అరగంటంటే ముప్పై నిమిషాలు కదా అని చిలక ముప్పై కొట్టింది. కానీ ఆ ప్రోగ్రాము లెక్కపెట్టేది గంటలు. పైగా ఒకసారి తెరిచాక, చెప్పిన గంటలు అయ్యేదాకా తూము మూయడానికి వీల్లేదు. ఆ రెండు మాటలూ చీటీలో లేవు.

నీళ్ళు బొరియలోకి వస్తే గానీ శూలపాణికి మెలకువ రాలేదు. తడుస్తూ మడుగు దగ్గరికి పరుగెత్తాడు. ఒడ్డున బురదలో చేపలు గిలగిల కొట్టుకుంటున్నాయి. తాయారమ్మ ఏడుస్తోంది.

"ఎందుకు తెరిచావే?" అని చిలక మీద విరుచుకుపడ్డాడు.

"చీటీలో ఉన్నట్టే చేశానండీ" అంది చిలక. "అనుమానమొస్తే ఎవర్ని అడగాలో అందులో లేదు. మిమ్మల్ని లేపొద్దన్నారు."

శూలపాణి సిగ్గుతో చచ్చిపోయాడు. గబగబా వెళ్ళి, తూము అవతలి మూతిలోకి వెనక్కి నడుస్తూ దూరాడు. ముళ్ళు నాలుగు వైపులా దిగబడ్డాయి. ఎలుగుబంటి చుట్టూ బంకమట్టి మెత్తింది. నీళ్ళు ఆగాయి.

ఆగాయి సరే, శూలపాణి బయటికి వస్తే మళ్ళీ మొదలు. ముప్పై గంటలు నిండేదాకా అలాగే ఇరుక్కుని ఉండక తప్పదు. తల మాత్రం బయట ఉంది. తాయారమ్మ కాగితాలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు తీరికేగా నాయనా, చెప్పు రాస్తాను."

ఆయన ఒక మాట చెబితే ఆవిడ నాలుగు ప్రశ్నలు వేసింది. ఏ లెక్క? ఎంతకు మించకూడదు? మధ్యలో ఆపగలమా? అనుమానమొస్తే ఎవర్ని అడగాలి? రాసింది తీసుకెళ్ళి ఏమీ తెలియని పిచ్చుకతో చదివించింది. పిచ్చుకకు అర్థం కాని ప్రతి మాటా కొట్టేసి మళ్ళీ రాసింది. ఎదుటివాళ్ళకు తెలియనివి ఇన్ని ఉన్నాయా అని శూలపాణి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

గడువు తీరి తూము మూసుకుంది. మడుగులో సగం నీళ్ళు మిగిలాయి. పొదుపుగా తాగితే వానలదాకా సరిపోతాయి. నడుం పట్టేసిన శూలపాణి కుంటుకుంటూ వెళ్ళి, కొత్త చీటీలు చిలక ముందు పెట్టాడు.

చిలక మొదటి నుంచి చివరిదాకా చదివింది. మూడో చీటీ రెండుసార్లు చదివింది.

"అయ్యా, ఇది చదివాక తూము జోలికి వెళ్ళాలంటే నాకు భయంగా ఉందండీ. ముందు తాయారమ్మగారిని అడిగి వస్తాను" అంది.

"హమ్మయ్య, అయితే ఈసారి సరిగ్గానే రాశాం" అన్నాడు శూలపాణి.

నీతి: మనకు తెలిసింది అందరికీ తెలుసనుకోకూడదు. పనిముట్టు ఇచ్చేవాడు అదేం చేస్తుందో, ఎంత చేస్తుందో, ఎక్కడ ఆగి అడగాలో కూడా రాసి ఇవ్వాలి.