కొమ్మ నరికిన చోట గొడుగు

యాకోబు మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళలో ఆ పూటే జవాబు దొరికినవాళ్ళు ఎవరూ లేరు. అడిగిందంతా తలవంచుకుని వింటారు, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తారు, "చూద్దాంలే" అంటారు. చీరాల బళ్ళో డ్రాయింగు టీచరుగా ఉన్నప్పుడూ అంతే, రిటైరయ్యాక హైదరాబాదు వచ్చి, అడవి జంతువుల ఫొటోలు తీసేవాళ్ళలో సగం మందికి గురువైనప్పుడూ అంతే. తొందరపాటు శిష్యులు విసుగెత్తి ఒక్కొక్కరే జారుకున్నారు. వాసంతి మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆమె ఆ ప్రశ్న అడిగింది బోర్నియోలో, ఒక బురదనది మీద, సాయంత్రం పడవలో బసకు తిరిగి వస్తున్నప్పుడు. ఫొటోగ్రఫీ క్లబ్బు వాళ్ళంతా కలిసి మలేషియా యాత్రకు వచ్చారు. నది ఒడ్డుకు కాస్త లోపలగా, ఒక మహావృక్షం తొర్రలో హార్న్‌బిల్ గూడు ఉంది. ముక్కు మీద ఎర్రటి కొమ్ము మొలిచినట్టుండే పెద్ద పిట్ట అది. గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట తొర్రలో దూరి, ద్వారాన్ని మట్టితో మెత్తేసుకుని, ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. ఇక లోపలి తల్లికీ బిడ్డకీ తిండి పెట్టే భారమంతా మొగపిట్టదే. అది వచ్చి ఆ సందులోంచి పండు అందించే క్షణాన్ని పట్టుకోవడానికే ఇంతమందీ సముద్రం దాటి వచ్చారు.

గూటికి ఎదురుగా ఆకులు గుబురుగా ఉన్న కొమ్మ ఒకటి ఉండేది. మొగపిట్ట వచ్చినప్పుడల్లా ముందు దానిమీద వాలి, అటూ ఇటూ చూసుకుని, ధైర్యం చిక్కాకనే తొర్ర దగ్గరికి ఎగిరేది. క్లబ్బు అధ్యక్షుడు ప్రద్యుమ్నకు ఆ కొమ్మ ఫ్రేములో అడ్డంగా కనిపించింది. పడవవాడితో దాన్ని నరికించాడు. వెలుతురు బ్రహ్మాండంగా పడిందని అందరూ మెచ్చుకున్నారు. పిట్ట మాత్రం గూటి వైపు రావడం మానేసింది. దూరపు చెట్టు మీద, ముక్కు కొసన పండు పట్టుకుని కూర్చుంటుంది. కింద వరసగా నిలబెట్టిన ఫిరంగుల్లాంటి లెన్సులను చూస్తుంది. ఆకుపచ్చ మచ్చల చొక్కాలు తొడుక్కుని, తాము దానికి కనిపించడం లేదని నమ్ముతున్న మనుషులను చూస్తుంది. మళ్ళీ ఎగిరి వెళ్ళిపోతుంది. తొర్రలో పిల్ల అరుపు పొద్దున గట్టిగా ఉండేది, సాయంత్రానికి సన్నబడింది.

ఆ సన్నబడిన అరుపు వాసంతి చెవిలోంచి పోలేదు. అయినా ఆమెకు ఆ ఫొటో కావాలి. ఇంటి చూరు కిందా కరెంటు తీగల మీదా వాలే పిట్టలనే తీస్తుందని క్లబ్బులో ఆమెకు 'పిచ్చుకల వాసంతి' అని పేరు పెట్టారు. నవ్వుతూనే పెట్టారు, కానీ ప్రతి ఏడూ ఎగ్జిబిషన్‌లో ఆమె ఫొటోలను తలుపు వెనక గోడకు తగిలించారు. ఈసారి నడిమి గోడ తనదే కావాలని ఆమె పంతం పట్టి వచ్చింది.

"మాస్టారూ, మనం చేస్తున్నది తప్పని నాకూ తెలుస్తోంది," అంది ఆమె పడవలో. "కానీ నేనొక్కదాన్ని మానేస్తే ఆ పిట్టకేం ఒరుగుతుంది? మిగతావాళ్ళు తీస్తూనే ఉంటారు కదా. నష్టపోయేది నేనొక్కదాన్నే."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూద్దాంలేమ్మా," అన్నారు.

మర్నాడు తెల్లవారగానే అందరూ మళ్ళీ గూటి ముందు చేరారు. యాత్రలో అదే చివరి ఉదయం. అందరి ముఖాల్లోనూ ఆత్రం. వాసంతికి అదృష్టం కొద్దీ సరిగ్గా మధ్యలో చోటు దొరికింది. నరికిన కొమ్మ మోడు పక్కనుంచి తొర్ర సందు అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

అప్పుడు యాకోబు మాస్టారు లేచారు. తన మడత స్టూలు పట్టుకుని లెన్సుల ముందుకు నడిచారు. స్టూలు వేసుకుని, వీపు పిట్టకూ ముఖం మనుషులకూ పెట్టి కూర్చున్నారు. కూర్చుని, వానలో కెమెరాకు పట్టే పెద్ద నల్ల గొడుగు తీసి, టప్పున తెరిచారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

ముందు అందరూ నవ్వారు. పెద్దాయన ఏదో సరదా చేస్తున్నారనుకున్నారు. గొడుగు ఎంతకీ దిగకపోయేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"ఏంటండీ ఇది?" అన్నాడు ప్రద్యుమ్న. "పెద్దవారని ఊరుకుంటున్నాం. పిట్ట వచ్చే టైమైంది, లేవండి."

"మీరుండగా అది రాదు బాబూ. లోపల పిల్ల ఆకలికి ఏడుస్తోంది. మీరే లేవండి."

"ఈ ఒక్క పూట ఆగితే అయిపోతుందిగా! ఇంత దూరం వచ్చింది మీ వీపు చూడ్డానికా?"

"వీపు పిట్ట వైపుంది. మీకు కనిపిస్తున్నది ముఖమే," అన్నారు మాస్టారు.

ఆయన్ని చేయి పట్టి లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు, ఎంతైనా గురువు. కానీ గురువు గొడుగు అందరికీ అడ్డం రాలేదు. మధ్యలో ఉన్న ముగ్గురు నలుగురికే అడ్డం. చివర్లలో ఉన్నవాళ్ళు కెమెరాల మూడుకాళ్ళ స్టాండ్లు కాస్త పక్కకు జరుపుకుని, ఏమీ జరగనట్టే మళ్ళీ కన్ను ఆనించారు. అదీ వాసంతి చూసింది. పడవలో తను అన్న మాటే తన కళ్ళ ముందు జరుగుతోంది. ఒక్క మనిషి, ఒక్క గొడుగు, మిగతావాళ్ళు తీస్తూనే ఉన్నారు. ఆయన నుదుటి మీద చెమట కారుతోంది. ఆయన మాత్రం ఆమెవైపు కన్నెత్తి కూడా చూడలేదు. రమ్మని సైగైనా చేయలేదు.

అలా పిలవకపోవడమే వాసంతికి కోపం తెప్పించింది. ముందు ఆయన మీద, ఆ తరవాత స్టాండ్లు జరుపుకున్నవాళ్ళ మీద, అందరికంటే ఎక్కువగా తన మీద. ఆమె కెమెరా స్టాండు మీదనుంచి విప్పి సంచిలో పెట్టింది. సంచిలోంచి గొడుగు తీసింది. వెళ్ళి మాస్టారి పక్కన, నేల మీదే, ఎడమ చివర ఉన్నవాళ్ళకు తొర్ర కనిపించకుండా అడ్డంగా కూర్చుని గొడుగు విప్పింది.

"మీరు కూడానా?" ప్రద్యుమ్న గొంతు లేచింది. "వాసంతిగారూ, చెప్తున్నా, ఊరెళ్ళగానే ఈయన పేరు క్లబ్బులోంచి కొట్టేస్తాం."

"నా పేరు కూడా కొట్టెయ్యండి," అంది వాసంతి. "పిచ్చుకలు తీయడానికి నాకు మీ గోడ అక్కర్లేదు."

తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. కుడివైపు చివర ఉన్న ఇద్దరికి ఇంకా సందు కనిపిస్తూనే ఉంది. కానీ ఇప్పుడు వాళ్ళు ఫొటో తీయాలంటే ఇద్దరు మనుషుల కళ్ళలోకి సూటిగా చూస్తూ తీయాలి. వాళ్ళు కాసేపు లెన్సు మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. చివరికి ఒకాయన, అవతలి ఒడ్డున పొడుగు ముక్కు కోతులు దిగాయని ఎవరో చెప్పారే అని గొణిగాడు. పిట్ట మీద ప్రేమ కోతుల మీదికి మారడానికి ఎంతోసేపు పట్టలేదు. తిట్టుకుంటూ, స్టాండ్లు భుజాన వేసుకుని, అందరూ పడవెక్కారు.

అప్పుడు మాస్టారు లేచి, వాసంతిని వెంటబెట్టుకుని గూటి ముందు నుంచి వెనక్కి తప్పుకున్నారు. నది ఒడ్డు నుంచి గూటికి వచ్చే కాలిబాట మొదట్లో, గూడు కనిపించని చోట, బాటకు అడ్డంగా, విప్పిన గొడుగులు భుజాన ఆనించుకుని ఇద్దరూ కూర్చున్నారు. వాసంతి సంచి జిప్పు మీద చేయి వేసింది, మళ్ళీ తీసేసింది. అడవి సద్దుమణిగింది. పిల్ల అరుపు ఆగి ఆగి వినిపిస్తోంది. అది ఆగినప్పుడల్లా, ఆలస్యమైపోయిందేమోనని ఆమె గూటి వైపు తల తిప్పుతోంది.

చాలాసేపటికి నెత్తి మీద గాలిని కోస్తున్నట్టు పెద్ద చప్పుడైంది, పాత రైలింజను ఆవిరి వదిలినట్టు. హార్న్‌బిల్ రెక్కల చప్పుడు అది. గూటి వైపు సాగి, చెట్ల వెనక ఆగింది. పిల్ల ఒక్కసారి గొంతు చించుకుని అరిచింది. మరుక్షణం, నోట్లో ఏదో పడ్డట్టు, ఆ అరుపు మధ్యలోనే తెగిపోయింది. మళ్ళీ అరుపు, మళ్ళీ నిండిన నోటి నిశ్శబ్దం. వాసంతి రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తన జీవితంలో అంత మంచి దృశ్యం ఎదురు కాలేదు, దాన్ని ఆమె చూడనే లేదు.

కాసేపటికి నది వైపు నుంచి మోటారు శబ్దం వినిపించింది. క్లబ్బు పడవ కాదు, వేరేది. వేరే ఊరి యాత్రికులు కాబోలు, నవ్వులూ కేకలూ దగ్గరవుతున్నాయి. అప్పటికే వాసంతి ముఖం తుడుచుకుని గొడుగు ముడవబోతోంది.

మాస్టారు తన గొడుగును రెండో చేతికి మార్చుకున్నారు.

"అప్పుడే ముడుస్తావేంటమ్మా?" అన్నారు. "వాళ్ళింకా దిగనేలేదు."