పటకారు పుట్టిన చేదోడమ్మ గుట్ట

కదురువారిపల్లి దాటి పడమటి దారిన కాసేపు నడిస్తే ఎడమచేతి వైపు రాళ్ళగుట్ట ఒకటి కనిపిస్తుంది. పెద్ద ఎత్తేమీ కాదు. మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా మధ్యలో ఒకసారి కూర్చుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని ఎక్కేయగలరు. పైన గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు రాతి స్తంభాలు, వాటి మీద బండల కప్పు, ఆ నీడలో శ్రీ చేదోడమ్మ తల్లి. మధ్యన గుండ్రని రాయి, దానికి చెరోపక్క రెండు నిలువు రాళ్ళు. వాటిలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. రెండూ తలలు వంచి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. తల్లి ఎదుట మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి పక్కన మనిషి చెయ్యంత పొడుగున్న కొయ్య పటకారు కనిపిస్తాయి. ఆ పటకారుకు ఒక కట్టె తుమ్మది, రెండోది వేపది.

గుడి ముంగిట ఎప్పుడూ ఒక మేక కట్టేసి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు దాన్ని మొక్కుబడి మేక అనుకుని జాలిపడుతుంటారు. ఆ జాలి అక్కర్లేదు. దానికి ఇక్కడ ఎవరూ కత్తి చూపరు. వేళకు ఆకు, వేళకు నీళ్ళు, పండగనాడు మెడలో పూలదండ. దాని కథ కూడా ముందుకు వస్తుంది.

మనం రోజూ చేతపట్టే వస్తువులు ఎక్కడ పుట్టాయో ఎవరూ అడగరు. పటకారు లేకపోతే ఏ ఇంట్లోనూ పాలగిన్నె దిగదు, పప్పుగిన్నె దిగదు. అది కనబడక ఇల్లాలు ఇల్లంతా వెతికే పూట ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. అయినా అది మొదట ఎవరి చేతిలో, ఎందుకు పుట్టిందని అడిగినవారు తక్కువ. కదురువారిపల్లి వారిని అడిగితే మాత్రం తడుముకోకుండా గుట్టవైపు చూపిస్తారు. కమ్మరి కొలిమిలో అంతకుముందే పటకారు ఉండేది కదా అని వాదించే చదువరులు అప్పుడప్పుడు వస్తుంటారు. ఉండవచ్చు. ఇనుము పట్టేది కమ్మరిది, కుండ పట్టేది మా తల్లిది. ఇంకా సందేహం తీరనివారు గుట్టెక్కి అమ్మవారితోనే తేల్చుకోవచ్చు.

పూర్వం ఇక్కడ గొర్రెల కాపరులు తప్ప వేరే జనం లేరు. ఎండలు ముదిరేసరికి చుట్టుపక్కల గడ్డి మాడిపోయేది. అప్పుడు మగవాళ్ళు మందలను తోలుకుని ఏరు దాటి, పడమటి అడవులకు పోయి, తొలకరి పడ్డాక తిరిగి వచ్చేవారు. ఏరు దాటేముందు గుట్టమీది తల్లికి రాగి సంగటి పెట్టాలి. తల్లి తిననిదే ఒక్క గొర్రె కూడా ఏట్లో కాలు పెట్టకూడదు. ఆ రోజుల్లో తల్లికి సొంత పేరు కూడా లేదు. గుండ్రని రాయి ఒక్కటే ఉండేది. గుట్టమ్మ అని పిలిచేవారు.

తల్లికి సంగటి వండే హక్కు ఒక ఇంటిది. ఆ ఇంటి పెద్దావిడ కెంచమ్మ. కోడలిగా కాపురానికి వచ్చిన ఏడు నుంచి ఆ కుండ ఆమెదే. నూక ఉడికి, పిండి మగ్గాక, గొంగడి మడతతో కుండను దించి, ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో తెడ్డు తిప్పేది. ఆమె కెలికిన సంగటి గొంతులో ఆగేది కాదని పల్లెలో పేరు. తల్లికి వండే చెయ్యి కాబట్టి ఆమె ముందు ఎవరూ గొంతెత్తేవారు కాదు, ఆమె మాత్రం ఎవరి ముందైనా ఎత్తేది.

కానీ కొన్నేళ్ళుగా కెంచమ్మ కుడి మణికట్టు మొరాయిస్తోంది. తెడ్డు రెండు తిప్పులు తిరిగేసరికి పట్టు సడలిపోయేది. అందుకని ఆమె కుండ దించి, అది కాస్త చల్లారేదాకా ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ తిరిగి, తర్వాత నెమ్మదిగా కెలకడం మొదలుపెట్టింది. సంగటి తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. వేడిమీద కెలకని సంగటి గడ్డలు కడుతుంది. ఈ సంగతి ఆమె కొడుకుకు కూడా చెప్పలేదు. చెబితే కుండ వేరే చేతికి పోతుంది. కుండ పోతే ఇక తానెవరని ఆమె దిగులు. ఆ దిగులు మొహంలో కోపంగా కనబడేది.

అలాంటి ఇంటికి కోడలిగా సిద్దక్క వచ్చింది. పొడగరి, పనిమంతురాలు, మనసులో ఏదీ దాచుకోని పిల్ల. మొదటి పూట అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు చుట్టాల్లో ఎవరో మీ అత్త చేతి సంగటి ఎట్లా ఉందని అడిగారు. సిద్దక్క నమిలి, మింగి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"బాగుండాది. కాకుంటే గడ్డలుండాయి."

ఆ మాట ఇంకే అత్తకు తగిలినా నవ్వి ఊరుకునేది. కెంచమ్మకు తగలకూడని చోట తగిలింది. ఆ పూటే ఆమె ఇంట్లో రెండో పొయ్యి పెట్టించింది. ఒక్క కప్పు కింద రెండు వంటలు, రెండు నీళ్ళ కుండలు, రెండు చీపుర్లు. మాటలు పూర్తిగా ఆగిపోయాయి. అయినా ఒక ఇంట్లో ఉన్నాక చెప్పుకోవలసినవి ఉంటాయి కదా. అందుకు గుంజకు కట్టేసిన మేక అక్కరకొచ్చింది. కెంచమ్మ మేక వైపు తిరిగి, వాన వచ్చేట్టుంది పిడకలు ఎత్తమని ఎవరితోనైనా చెప్పవే అనేది. సిద్దక్క అదే మేకతో, ఎప్పుడో ఎత్తేశానని చెప్పు అనేది. మేక ఇద్దరి మాటలూ వింటూ నెమరు వేసేది. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంగతులు తెలిసినది అదే.

ఎటొచ్చీ కెంచమ్మ కొడుకు బీరన్నకే కష్టం. తల్లి పెట్టినదీ తినాలి, పెళ్ళాం పెట్టినదీ తినాలి. ఏది వదిలినా రెండో పొయ్యి మీద మోజనేవారు. పూటకు రెండు భోజనాలు తిని తిని అతను గుండ్రంగా తయారయ్యాడు. గొర్రెల వెంట పరుగెత్తలేక, గొర్రెలే తన దగ్గరికి రావాలని ఈల వేయడం నేర్చుకున్నాడు.

ఇలా ఉండగా మందలు కదలవలసిన కాలం వచ్చింది. సంగటి పెట్టవలసిన నాటి తెల్లవారుజామున కెంచమ్మకు కల వచ్చింది. బుగ్గలు పీక్కుపోయిన ఒక ముసలమ్మ గుట్టమీద కూర్చుని ఉంది. ఆమె ఎవరో అడగకుండానే కెంచమ్మకు తెలిసింది. ముసలమ్మ ఇలా అంది:

"సల్లారిన సంగటి తిని తిని నా నోరు సచ్చిపాయ. ఈ తూరి పొయ్యి మింద నుంచి నేరుగా నా ముందరికి రావల్ల. దించేటప్పుడు చెయ్యి తగలగూడదు, గొంగడి తగలగూడదు."

ఆ మాట చెప్పి ఒక తుమ్మకట్టె కెంచమ్మ చేతిలో పెట్టింది. కళ్ళు తెరిచేసరికి కట్టె తలపక్కనే ఉంది. కెంచమ్మకు చెమటలు పట్టాయి. తల్లి తన గుట్టు కనిపెట్టేసిందని సిగ్గుతో చితికిపోయింది. కట్టెను కొంగు కింద దాచుకుంది. ఆ సమయానికే గోడకు అవతల సిద్దక్కకు కూడా అదే ముసలమ్మ కలలో కనబడి, అవే మాటలు చెప్పి, ఒక వేపకట్టె ఇచ్చి పోయింది. ఆమె కూడా దాచుకుంది. ఇద్దరూ మాట్లాడుకునేవారైతే కథ ఇక్కడే ముగిసేది. మనకు గుట్టెక్కే శ్రమ కూడా తప్పేది.

పొద్దెక్కేసరికి కెంచమ్మ గుట్టమీద తల్లి ఎదుట పొయ్యి వెలిగించి కుండ పెట్టింది. ఇంటి ఆడవాళ్ళు ఇద్దరూ రావాలన్నది ఆచారం కాబట్టి సిద్దక్క కూడా వచ్చి దూరంగా నిలబడింది. మాటల కోసం మేకను కూడా తోలుకొచ్చారు. పిండి మగ్గింది. కెంచమ్మ తుమ్మకట్టెను కుండ అంచు కింద దూర్చి ఎత్తబోయింది. ఒంటికట్టె మీద కుండ నిలుస్తుందా? ఊగింది, ఒరిగింది, బండ మీద పడి పగిలింది.

కింద పల్లె పెద్ద కబురు పంపాడు. మందలన్నీ ఏటి గట్టుకు చేరాయనీ, గొర్రెపిల్లలు ఆకలికి మట్టి నాకుతున్నాయనీ, మధ్యాహ్నంలోగా తల్లి తినకపోతే ఈ యేడు ప్రయాణం లేదనీ చెప్పించాడు. ప్రయాణం లేకపోతే మంద బతకదు. కెంచమ్మ తన పిండిసంచి దులిపింది. గుప్పెడు కూడా రాలలేదు. జీవితంలో మొదటిసారి ఏం చెయ్యాలో తెలియక ఆమె బండమీద కూలబడింది.

సిద్దక్క గుట్ట దిగి తన పొయ్యి దగ్గరున్న పిండి, నూక, కొత్త కుండ తెచ్చింది. తెచ్చి మేకతో, పిండి ఉంది, ఎవరికైనా కావలిస్తే పోసుకోమని చెప్పు అంది. కెంచమ్మ గొంతు సవరించుకుని, పోస్తే పోయమను, కుండ మీద హక్కు మటుకు నాదే అని చెప్పు అంది. ఆ వేళలో కూడా ఆ మాట వదలలేదు మహాతల్లి.

రెండోసారి ఎసరు మరిగింది, నూక ఉడికింది, పిండి మగ్గింది. సరిగ్గా అప్పుడు పొయ్యిరాయి ఒకటి జారింది. కుండ పక్కకు ఒరిగింది. కెంచమ్మ ఇటునుంచి తుమ్మకట్టె అడ్డం పెట్టింది. సిద్దక్క కొంగులోంచి వేపకట్టె లాగి అటునుంచి ఆపింది. రెండు కట్టెలూ కుండ మెడ కింద బిగుసుకుని అది మధ్యలో నిలిచింది. ఇద్దరూ ఒకరి చేతిలోని కట్టెను ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు ఎవరు వదిలినా కుండ పోతుంది. ఇంకో కుండకు పిండి లేదు.

కెంచమ్మ అలవాటు కొద్దీ మేక కోసం చూసింది. మేక తాడు తెంపుకుని, బండ వెనక ఆకులు తింటోంది. దాని తోక మాత్రమే కనబడుతోంది. చెయ్యి వణకసాగింది. కుండ కూడా వణికింది. ఇక వేరే దారి లేక, ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పనిది కెంచమ్మ కోడలి మొహం చూస్తూ చెప్పింది.

"మే సిద్దీ, నా మణికట్టు నిలవదు. శానా దినాల నుంచి నిలవడంల్యా."

సిద్దక్కకు గడ్డల సంగతి, రెండో పొయ్యి సంగతి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకునే వీలు లేదు, రెండు చేతులూ కట్టె మీదే ఉన్నాయి.

"నాకొక మాట చెప్పింటే అయిపోతాండె కదత్తా. బరువు నా దిక్కు వాల్చు. నేను పట్టుకుంటా."

ఇద్దరూ అడుగులో అడుగు కలిపి, ఎండ్రకాయల్లా పక్కకు నడుస్తూ, కుండను తల్లి ముందు దించారు. కట్టెలు ఒకదాని మీదుగా ఒకటి వచ్చిన చోట, కెంచమ్మ నడుములో దోపుకున్న, గొంగడికి ఉన్ని వడికే కదురునుంచి పోగు లాగి ముడి వేశారు. ఆ ముడితో పట్టు ఒక్కరి చేతికి వచ్చింది. సిద్దక్క ఆ పటకారుతో కుండను కదలకుండా పట్టుకుంటే కెంచమ్మ తెడ్డు తిప్పింది. మణికట్టు అలసినప్పుడు చేతులు మార్చుకున్నారు. గొంగడి వద్దన్న తల్లి గొంగడి పోగును ఎట్లా ఒప్పుకుందని కొందరు భక్తులు అడుగుతుంటారు. పోగు కుండకు తగల్లేదు కదా. తల్లి అంత పట్టింపు మనిషి కాదు.

గాలి తూర్పుకు వీస్తున్నా సంగటి మీది ఆవిరి పడమటికి, తల్లి వైపుకు వంగింది. అది చూసి కాపరులు ఈలలు వేశారు, మందలు ఏట్లోకి దిగాయి. గుట్టమీద అత్తాకోడళ్ళు ఒక్క ఆకులో ప్రసాదం పెట్టుకుని కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కెంచమ్మ ఆగిపోయింది. హడావిడిలో ఒక గడ్డ మిగిలిపోయింది. ఈసారి ఆ మాట ఆమే అంది.

"గడ్డ ఉండాదే."

"ఉండనీలే అత్తా" అంది సిద్దక్క. "అది గూడా ల్యాకుంటే మనం మాట్లాడుకునేకి ఏముంటాది?"

ఇద్దరూ నవ్విన నవ్వుకు మేక బండ వెనకనుంచి తల బయటపెట్టి చూసిందట. తొలకరికి బీరన్న మంద రెట్టింపై తిరిగి వచ్చింది. అతను గుట్టెక్కి చూస్తే గుండ్రని రాయికి చెరోపక్క ఎవరూ పాతని రెండు రాళ్ళు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఆనాటినుంచి తల్లి చేదోడమ్మ అయింది. ఇంట్లో ఒక్క పొయ్యే మిగలడంతో బీరన్న కొంచెం చిక్కాడు. ఆ సంగతి మీద అతను ఎన్నడూ ఫిర్యాదు చేయలేదని అంటారు.

ఇప్పుడు మందలు కొన్ని లారీల్లో పోతున్నాయి. సంగటి మాత్రం మానలేదు. ఏటా మందలు కదిలేముందు, మాటలు లేని ఇద్దరు వచ్చి ఈ పటకారును చెరో కట్టె పట్టి కుండ దించుతారు. అత్తాకోడళ్ళు కావచ్చు, అన్నదమ్ములు కావచ్చు, గట్టు తగాదాలో ఉన్న ఇరుగుపొరుగు కావచ్చు. అలాంటివారు ఈ యేడు దొరకరేమోనని నిర్వాహకులు ప్రతిసారీ కంగారు పడతారు. ఇంతవరకు కొరత రాలేదు. ఈ ప్రాంతంలో కొత్తకోడలు గడప దాటినప్పుడు అత్త ఆమె చేతికి మొదట ఇచ్చేది పటకారే. ఇచ్చేటప్పుడు రెండో కట్టెను తాను పట్టుకునే ఇస్తుంది. తల్లిని నమ్మి ఇలా చేసిన ఇంట్లో వండినది మాడదనీ, మాట విరగదనీ, పశువు వృద్ధి అవుతుందనీ పెద్దల మాట.

నైవేద్యపు సంగటిలో ఒక్క గడ్డను కావాలనే వదిలేస్తారు. ప్రసాదంలో అది వచ్చినవారు ఉమ్మకూడదు. నమిలి మింగి, తాము పలకరించడం మానేసిన మనిషి ఇంటికి ఆ రోజే వెళ్ళాలి. నేటికీ ఇక్కడి పూజారమ్మ కెంచమ్మ ఇంటి కోడలే. ప్రసాదం తిన్న ప్రతి ఒక్కరినీ ఆమె "గడ్డ వచ్చిందా?" అని అడుగుతుంది. వచ్చిందన్నవారికి మేక వైపు చూపిస్తుంది. మొదటి మాట బయటికి రావడం కష్టంగా ఉంటే దాని చెవిలో ఒకసారి చెప్పి చూసుకుని, తర్వాత గుట్ట దిగవచ్చు.