కుయ్ తెరవని తలుపు

చీనా దేశంలో షీహే అనే నదీతీర పట్టణంలో, ప్రభుత్వ ముద్ర లేనిదే ఏ మాటనూ నమ్మని కుయ్ యున్‌షాన్ అనే ధాన్యాగారాధికారి ఉండేవాడు. అతడు నిజాయితీపరుడు. ఒక్క గింజనైనా ఇంటికి తీసుకొనిపోయి ఎరుగడు.

చక్రవర్తి గద్దె దిగిన తరువాత, ఉత్తరాన ఒక ప్రభుత్వం, దక్షిణాన మరొకటి వెలిశాయి. నిజమైన గణతంత్రం తమదేనని రెండూ చాటుకొన్నాయి. షీహే వాటి సరిహద్దులో ఉండేది. ధాన్యాగారాన్ని తెరచి మూసినప్పుడల్లా, తలుపుపై ముద్ర వేసిన కాగితపు పట్టీ అంటించడం అక్కడి ఆచారం. ఇప్పుడు రెండు ప్రభుత్వాలూ వేర్వేరు పట్టీలు పంపాయి. ఒకరిది అంటిస్తే రెండవవారికి ద్రోహి కావలసి వస్తుంది. అందువలన కుయ్ తలుపే తెరవలేదు.

ఆ ఏడు నదికి వరద వచ్చింది. పల్లపు వీధులవారు ధాన్యాగారపు మెట్లపై తలదాచుకొన్నారు. వరద సంగతి చెప్పి, న్యాయమైన ప్రభుత్వమేదో తెలుపవలసినదని కుయ్ రెండు రాజధానులకూ తంతి పంపాడు. పది రోజులకు జవాబులు వచ్చాయి. మేమే న్యాయమైనవారము, ఎదుటివారి మాట వింటే శిక్ష తప్పదు అని రెండింటిలోనూ ఉన్నది. వరద ఊసు ఎందులోనూ లేదు.

సోయా జున్ను అమ్ముకొనే ఫాంగ్ అవ్వ కూడా ఆ మెట్లపైనే ఉన్నది. ఆమె మనుమరాలు ఆకలితో లేవలేకపోతున్నది. కుయ్ ఆ జవాబులను ఆమెకు చదివి వినిపించాడు.

“అయితే ఇద్దరు ఏలికలున్నా పిడికెడు గింజలు పుట్టవన్నమాట,” అన్నది అవ్వ.

“తెరవడం కష్టం కాదు అవ్వా. మూసినప్పుడు ఎవరి పట్టీ అంటించను?” అన్నాడు కుయ్.

“మూయమని మిమ్మల్ని ఎవరడిగారు అయ్యగారూ? గింజలున్నంత వరకు తెరచే ఉంచండి.”

కుయ్ తలుపు దగ్గరకు నడిచాడు. దానిపై ఉన్న పాత పట్టీని తన చేతులతోనే చింపాడు. లోపల అడుగు బస్తాలన్నీ తడిసి కుళ్ళిపోయి ఉన్నాయి. మిగిలినదానిని అతడే కొలిచి పంచాడు. అవ్వ మనుమరాలు గంజి త్రాగి లేచి కూర్చున్నది. ప్రక్క మెట్టుపై పడుకొన్న ముసలి పడవవాడు మాత్రం ముందురోజే కన్నుమూశాడు.

వరద తీసిన తరువాత రెండు వైపుల అధికారులూ వచ్చి, ఎవరి ఉత్తరువుపై తలుపు తెరచావని గద్దించారు.

“ఎవరి ఉత్తరువూ లేదు. ఆలస్యం మాత్రం నాదే,” అన్నాడు కుయ్.

అతని పదవి పోయింది. అయినా ఏ తగవు వచ్చినా పట్టణమంతా అతని గుమ్మానికే వెళ్ళేది.

నీతి: పాలించే హక్కు ఎవరిదో పెద్దలు తేల్చుకొనే వరకు ఆకలి ఆగదు, కనుక కళ్ళెదుటి కష్టాన్ని తీర్చడానికి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడరాదు.