గవిరయ్య కొరికిన నువ్వులు

నువ్వుల చేను గట్టు కింద ఒక చీమల పుట్ట ఉండేది. ఆ చీమలకి దారి తలలో గుర్తుండదు. వాటి జ్ఞాపకమంతా నేలమీద గీసిన సన్నటి నూనె గీతలోనే ఉంటుంది. ఆ వాసన పట్టుకునే చేనుకి పోతాయి, ఇంటికొస్తాయి. గీత గీసేది పైడమ్మ. ముసలిదైపోయినా పొద్దున్నే గట్టు పొడుగునా నడిచి, అరిగిన చోటల్లా మళ్ళీ గీసేది.

గవిరయ్య పని వేరు. వానకో ఎద్దు కాలికో గీత తెగితే, అక్కడ ఒక నువ్వుగింజ కొరికి పెట్టాలి. కొరికిన గింజలో నూనెకి గాలి తగిలి కనరు వాసన ఘాటుగా లేస్తుంది. అది తగలగానే కాపలా చీమలు పరుగెత్తుకొచ్చి అడ్డం తీస్తాయి, పైడమ్మ గీత కలుపుతుంది. పని అయ్యాక గవిరయ్య ఆ గింజని మట్టిలో కప్పెట్టి నోరు మూసుకోవాలి. అంతే ఆయనగారి ఉద్యోగం.

దారిలో కనబడ్డ ప్రతి చీమా పైడమ్మకి మీసం తాకించి, "అత్తా, తిన్నావా" అని అడిగేది. గవిరయ్యని అడిగిన చీమ లేదు. ఆవిడ ఎదురుపడితే చాలు, అతనికి కడుపు రగిలిపోయేది. గీతకి ఇంత వైభోగమేమిటి, తన పళ్ళు ఎవరికీ కనబడవా అని తనలో తనే గొణుక్కునేవాడు.

ఒకరోజు ఏ గీతా తెగకుండానే ఒక గింజ కొరికాడు. కాపలా చీమలు రొప్పుకుంటూ వచ్చాయి. పేడపురుగు వచ్చిందనీ, తన వాసనకి జడిసి పారిపోయిందనీ చెప్పాడు. కాపలా పెద్ద దండాసి అతని వీపు తట్టాడు. ఆ మెప్పు నువ్వులకన్నా రుచిగా ఉంది. మర్నాడు మూడు గింజలు కొరికాడు. ఆ తర్వాత తన కింద పనిచేసే పదిమందినీ పురమాయించి, కొరికినవి కప్పెట్టొద్దని కూడా చెప్పాడు.

దారి పొడుగునా కాపలా చీమలు కిక్కిరిసిపోయాయి. శత్రువు దొరక్క ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. వాటి కాళ్ళకింద గీత చెరిగింది, మిగిలిందాన్ని కనరు వాసన మింగేసింది. పైడమ్మ తడబడసాగింది. ఒకనాడు సొంత గుమ్మం ముందు నిలబడి, ఇది ఎవరిల్లని అడిగింది. ఆ మాట వినగానే గవిరయ్యకి ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేకుండా సంతోషించాడు.

అంతలో మబ్బు పట్టింది. వాన పడితే కింది గదిలో గుడ్లన్నీ మునిగిపోతాయి, వాటిని గట్టుమీది గదికి చేర్చాలి. ముందు ఎవరు నడుస్తారని దండాసి అడిగాడు. గవిరయ్య రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాడు. తలా ఒక గుడ్డు కరుచుకుని అందరూ వెంటపడ్డారు.

కొంత దూరం పోయాక గవిరయ్యకి ముందు ఎవరిదో వీపు కనిపించింది. తనకన్నా ముందు పోయేవాడెవడని అక్కసుతో అడుగు జోరుచేశాడు. తీరా చూస్తే అది వరసలో ఆఖరున నడుస్తున్న పైడమ్మ. అంతా ఇందాకటినుంచి ఒక కుండపెంకు చుట్టూనే తిరుగుతున్నారు.

పైడమ్మ గుడ్డు దించి అతన్ని పరకాయించి చూసింది, పోల్చుకోలేదు.

"నాయినా, మా పుట్టలో గవిరయ్యని ఒకడున్నాడు, ఎరుగుదువా? ఆడు గింజ కొరికినాడంటే గీత తెగినట్టే. ఆడున్నాడనే దైర్నంతోనే నాను గీసుకుంటన్నాను. కనబడితే పిలు."

వెనకే ఉన్న దండాసి అది విన్నాడు.

"గవిరీ, గీత ఎక్కడ తెగింది?"

"తెగలేదు," అన్నాడు గవిరయ్య.

దండాసి తిట్టలేదు. పదకొండుమందినీ నోళ్ళు మూసుకోమన్నాడు. కొరికిన గింజలన్నీ కాలవలోకి నెట్టించాడు. గుడ్లు కరుచుకుని అందరూ కదలకుండా నిలబడ్డారు. వాసన విరిగేసరికి చినుకులు మొదలయ్యాయి. పైడమ్మ మీసానికి గీత తగిలింది, జారింది, మళ్ళీ తగిలింది. సగం గుడ్లు పైకి చేరాయి. రెండో విడతకి దిగేసరికి కింది గది నిండా నీళ్ళు.

పైడమ్మకి జ్ఞాపకం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే గవిరయ్యే ఆవిడని గట్టుమీద నడిపిస్తున్నాడు. పోల్చుకోని రోజున ఆవిడ దారి పొడుగునా గవిరయ్య ఎంత మంచివాడో అతనికే చెబుతుంది. అతను తలవంచుకుని వింటాడు.

కొరకడం వచ్చిన నోటికి ఆగడం కూడా రావాలి.