కన్నాలు పూడ్చే గవరమ్మ

ఎప్పటి మాటో అడక్కండి. అప్పటికి మా తాతల తాతకి ఉయ్యాలైనా కట్టలేదు. ఒక పెద్ద పట్నం ఉండేది. ఆ పట్నంలో ఎప్పుడూ ఏదో ఒక మేడ లేస్తూనే ఉండేది. ఊఁ కొట్టండర్రా, లేకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను.

ఆ పట్నంలో గవరమ్మ అని ఒక కూలిమనిషి. సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది. అందుకే ఆ పని ఆవిడకే అప్పజెప్పారు. ఏం పనంటారా? గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడ్డానికి వెదురు బొంగులతో పరంజా కడతారు కదా. ఆ బొంగుల కొసలు గోడలో దూర్చడానికి కన్నాలు వదులుతారు. గోడ పూర్తయ్యాక పరంజా పైనుంచి విప్పుకుంటూ దిగుతారు. దిగుతూ దిగుతూ ఆ కన్నాల్ని ఇటుక ముక్కతో, సున్నంతో పూడ్చాలి. అదీ గవరమ్మ పని.

ఆవిడకి నా అనేవాడు ఒక్కడే, తమ్ముడు నూకయ్య. అమ్మా నాన్నా పోయాక చంకనేసుకుని పెంచింది. మీసాలైనా రాకముందే వాణ్ణి సైన్యం బళ్ళు తోలడానికి పట్టుకుపోయారు. "అక్కా, తొందరగా వచ్చేస్తానే!" అని బండిమీంచి అరిచాడు. ఆ రోజు గవరమ్మ ఏడ్చిన ఏడుపు వీధి వీధంతా విన్నది.

ఒక ఏడాది అయింది. రెండేళ్ళు అయ్యాయి. మూడేళ్ళు అయ్యాయి. నూకయ్య రాలేదు.

ఒకసారి ఏమైందంటే, గవరమ్మ ఒక కన్నాన్ని లోపల చూడకుండా పూడ్చేసింది. మర్నాడు ఒక పిచ్చుక ఆ పచ్చి సున్నం దగ్గర చేరి అరిచింది. గవరమ్మ పట్టించుకోలేదు. రెండో రోజూ అరిచింది. "పో పో" అని అదిలించింది. మూడో రోజు అరిస్తే గవరమ్మ చేతిలో తాపీ జారిపోయింది. ఆ ఏడుపు ఆవిడకి తెలుసు. బండి వెళ్ళిపోయిన రోజు తన గొంతులోంచి వచ్చిన ఏడుపే అది! గబగబా సుత్తి తీసుకుని కొట్టింది. కన్నం తెరుచుకుంది. లోపల మూడు పిల్లలు. అప్పటికే ప్రాణాలు పోయాయి.

"నా చేతులు పడిపోనూ!" అని తల బాదుకుంది. మూడు రోజులు ముద్ద ముట్టలేదు.

అప్పట్నుంచి ఏ కన్నం పూడ్చాలన్నా ముందు చెయ్యి పెట్టేది. "ఎవరమ్మా లోపల?" అని అడిగేది. పిట్ట ఉంటే ఎగిరేదాకా ఆగేది. అంత ఎత్తున పలకరించడానికి మనిషెవడున్నాడు? పిట్టలే. వినగా వినగా వాటి మాట పట్టుబడింది. పిల్లి వస్తే ఒక అరుపు. మేత దొరికితే ఒక అరుపు. పిల్ల కనపడకపోతే ఒక అరుపు. ఆవిడా వాటితో తన గోడు చెప్పుకునేది. "మా తమ్ముడు నూకయ్య. కనిపిస్తే అక్క ఉందని చెప్పండి" అనేది.

పిచ్చుక దూరం పోదు కదా అంటారు మీరు. పోదు. కానీ పిచ్చుక మాట గోరింక వింటుంది. గోరింక మాట చిలక వింటుంది. చిలక ఏరు దాటుతుంది.

ఇలా ఉండగా రాజుగారు ఏడంతస్తుల మేడ కట్టించారు. పాలలా తెల్లటి గోడ. పరంజా విప్పేరోజు పైవరసలో ఒక కన్నంలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. మూడు పిల్లలు, రెక్కలు అప్పుడే ముదురుతున్నాయి.

"ఇంకెన్నాళ్ళమ్మా?" అని అడిగింది గవరమ్మ.

"మూడు రోజులు" అంది తల్లిపిచ్చుక.

పైడన్న మేస్త్రి కిందనుంచి కేకేశాడు. "ఒసే గవరమ్మా, రేపు రాజుగారొస్తున్నారే! పూడ్చేసి దిగు!"

గవరమ్మ పూడ్చకుండానే దిగింది. తీసి ఇంకోచోట పెట్టొచ్చుగా అంటావా? పెట్టి చూడు, తల్లి వెతుక్కుంటుందో లేదో!

మర్నాడు రాజుగారొచ్చారు. తెల్లటి గోడమీద నల్లచుక్క కనిపించింది. "ఏమిటది?" అన్నారు. గవరమ్మే ముందుకొచ్చింది.

"పిచ్చుక పిల్లలు దొరా. ఇంకో రెండు రోజుల్లో ఎగిరిపోతాయి."

రాజుగారు నవ్వారు. "పని చేసినవాళ్ళందరికీ ఏదో ఒకటి ఇస్తానన్నాను. నీకేం కావాలి?"

"నా తమ్ముడు నూకయ్య దొరా. మీ బళ్ళు తోలుతున్నాడు."

"అంతేనా? నెల తిరిగేసరికి నీ ఇంట్లో ఉంటాడు. ఇప్పుడే, నా కళ్ళముందు ఆ కన్నం పూడ్చెయ్."

నిచ్చెనకి నిచ్చెన కట్టి తెచ్చారు. సున్నం కలిపారు. గవరమ్మ తాపీ పట్టుకుని రెండు మెట్లెక్కింది. మూడో మెట్టు మీద కాలు పెట్టింది. నా తల్లే, ఆ క్షణంలో ఆవిడ గుండె ఎలా ఆగలేదో! అన్నేళ్ళుగా ఎదురుచూసిన తమ్ముడు. పైన తల్లిపిచ్చుక అరిచింది. గవరమ్మ దిగిపోయింది.

"నా వల్ల కాదు దొరా" అంది.

"ఇంకెవరైనా ఎక్కండి" అన్నారు రాజుగారు. ఒక్కడూ నిచ్చెన ముట్టుకోలేదు. పైడన్న ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఎండ మండిపోతోంది, రాజుగారికి భోజనం వేళయింది. విసుగ్గా మొహం తిప్పుకుని పల్లకీ ఎక్కేశారు. నూకయ్య మాట అక్కడితో పోయింది.

రెండు రోజులకి పిల్లలు ఎగిరాయి. గవరమ్మ కింద నిలబడి, "నూకయ్యా అని పిలవండమ్మా! అక్క ఉందని చెప్పండమ్మా!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ కన్నం తర్వాత కూడా ఎవరూ పూడ్చలేదు. ఏటేటా అందులో పిల్లలు పుట్టేవి, ఏటేటా ఆవిడ అరిచేది. జుట్టు నెరిసింది. గొంతు బొంగురుపోయింది. ఒకనాడు చూసి చూసి అలాగే కన్నుమూసింది.

ఆవిడ పోయిన ఏడాదికి నూకయ్య వచ్చాడు.

ఎలా వచ్చావురా అని అడిగితే ఏం చెప్పాడో తెలుసా? "ఏరవతల నా పాకచూరులో ఒక పిచ్చుక చేరింది. రోజూ తెల్లారేసరికి నా మొహంలోకి చూసి అరిచేది. అది అరిచినప్పుడల్లా మా అక్క గుర్తొచ్చి అన్నం సయించేది కాదు. ఒకసారి సెలవడిగాను, కుదరదు పొమ్మన్నారు. రెండోసారి అడిగాను, కొట్టారు. మూడోసారి అడిగితే వదిలేశారు."

పైడన్న వాణ్ణి తీసుకెళ్ళి గోడ చూపించాడు. నిచ్చెన తనే వేశాడు. నూకయ్య పైకెక్కి కన్నంలో నోరు పెట్టి, "అక్కా, నూకయ్యనే. వచ్చానే" అన్నాడు. లోపల పిల్లలు మేత వచ్చిందనుకుని నోళ్ళు తెరిచాయి. వాడు నిచ్చెన మీదే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పట్నుంచి మావాళ్ళు ఏ గోడ కట్టినా చూరుకింద ఒక కన్నం పూడ్చకుండా వదిలేస్తారు. ఇల్లుగలాయన కేకలేసినా సరే, "అది గవరమ్మది బాబూ" అంటారు. ఎవరి మనిషి దూరంగా ఉంటే వాళ్ళు అందులో నోరు పెట్టి ఆ పేరు చెప్తారు. పిల్లలు ఎగిరినరోజు "పేరు బయల్దేరింది" అంటారు. ఆ పూట ఆ ఇంట్లో, రావాల్సినవాళ్ళకని ఒక విస్తరి ఎక్కువ వేస్తారు.

మా అమ్మా వేసేది. అన్నం, పప్పు, పక్కన నీళ్ళచెంబు. ఎవరికమ్మా అని అడిగితే, "వేడిగా ఉంది, మీరు తినండి" అనేది. తను మాత్రం గుమ్మంకేసి చూస్తూ కూర్చునేది.